కబురు మనది... తాళం ఎవరిది?

పొద్దున్నే కిరాణా కొట్టుకెళ్లి పాల ప్యాకెట్ కొంటాం. కొట్టాయన గోడకి అంటించుకున్న స్టిక్కర్ ఫోన్‌పేది. మన చేతిలో ఉన్నది గూగుల్ పే. మన ఖాతా స్టేట్ బ్యాంకులో, ఆయనది గ్రామీణ బ్యాంకులో. అయినా స్కాన్ చేసి అంకె నొక్కామో లేదో, డబ్బు ఆయన ఖాతాలో పడిపోతుంది. 'మీది ఏ యాప్?' అని ఆయన అడగడు, మనమూ అడగం.

సరే, ఇప్పుడు ఇంకో పని చేసి చూడండి. మీ ఫోన్లో ఉన్న వాట్సప్ నుంచి టెలిగ్రామ్ మాత్రమే వాడే మీ బాబాయికి 'బాగున్నారా?' అని ఓ సందేశం పంపండి.

వెళ్లదు!

బ్యాంకులు దాటి, కంపెనీలు దాటి డబ్బు వెళ్లిపోతోంది. నాలుగు అక్షరాల పలకరింపు మాత్రం గోడ దాటడం లేదు. ఎందుకంటారు? టెక్నాలజీ లేకనా? కాదు. 2016లో మొదలైన యూపీఐలో బ్యాంకులన్నీ ఒకే భాషలో మాట్లాడుకోవాలన్న ఒప్పందం ఉంది. మెసేజింగ్ యాప్‌ల మధ్య అలాంటి ఒప్పందం లేదు. ఆ ఒప్పందాన్నే సాంకేతిక భాషలో ప్రొటోకాల్ అంటారు. అది అందరికీ తెరిచి ఉండాలి, దానికి ఒక యజమాని ఉండకూడదు, మధ్యలో ఎవరూ మన మాట వినకూడదు... ఈ మూడూ కావాలని పట్టుబట్టిన వాళ్ల కథే ఈ వారం.

గోడలు ఎప్పుడు లేచాయి?

నిజానికి మొదట్లో గోడలు లేవు. 1971లో అమెరికా ఇంజినీరు రే టామ్లిన్‌సన్ ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కి ఈమెయిల్ పంపాడు. ఇవాళ్టికీ ఈమెయిల్ ఎవరి సొత్తూ కాదు. జీమెయిల్ నుంచి యాహూకి, యాహూ నుంచి మీ ఆఫీసు మెయిల్‌కి హాయిగా వెళ్తుంది. కంపెనీ ఏదైనా ఉత్తరం రాసే పద్ధతి ఒక్కటే కాబట్టి.

చాటింగ్‌కీ అలాంటి పద్ధతి కావాలనే ఆలోచన 1999లోనే వచ్చింది. జాబర్ పేరుతో మొదలై తరవాత ఎక్స్ఎంపీపీగా పేరు మార్చుకున్న ఆ పద్ధతిని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2005లో వచ్చిన గూగుల్ టాక్ కూడా దాని మీదే నడిచింది. ఆ మరుసటి ఏడాది బయటి సర్వర్లతో మాట్లాడేందుకు తలుపులు కూడా తెరిచింది. అంతా బాగుందనుకుంటుండగానే 2013లో గూగుల్ హ్యాంగవుట్స్ తెచ్చి ఆ తలుపులు మూసేసింది.

ఆ మరుసటి ఏడాదే ప్రపంచం నోరెళ్లబెట్టే బేరం ఒకటి జరిగింది. పట్టుమని అరవై మంది ఉద్యోగులైనా లేని వాట్సప్‌ని 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఫేస్‌బుక్ ప్రకటించింది. యంత్రాలకా అంత ఖరీదు? కాదు. మనకి! మన అత్తయ్యలూ మామయ్యలూ, స్కూలు గ్రూపులూ, అపార్ట్‌మెంట్ గ్రూపులూ అన్నీ ఒకే గోడ లోపల ఉండటానికి. అందరూ లోపలే ఉన్నప్పుడు ఒక్కరు బయటికి రావాలన్నా రాలేరు. ఆ రాలేకపోవడానికే అంత ధర.

గోడ లోపల ఉంటే వచ్చే చిక్కేమిటో 2021లో తెలిసింది. ఆ జనవరిలో వాట్సప్ తన ప్రైవసీ నిబంధనలు మార్చబోతున్నానని చెప్పడంతో లక్షలాది మంది సిగ్నల్ యాప్‌కి పరుగు తీశారు. ఆ తాకిడికి సిగ్నల్ సర్వర్లు దాదాపు ఒక రోజు పడకేశాయి. అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సప్ మూడూ కలిసి ఆరు గంటల పాటు మూగబోయాయి. ఆ కాసేపూ కోట్ల మందికి 'పక్క పోస్టాఫీసుకెళ్లి వేద్దాంలే' అనుకునే వీల్లేదు. ఉన్నది ఒక్కటే పోస్టాఫీసు మరి!

ఊరికో పోస్టాఫీసు

సరిగ్గా వాట్సప్ బేరం జరిగిన 2014లోనే, అమ్‌డాక్స్ అనే టెలికాం సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేస్తున్న మాథ్యూ హాడ్జ్‌సన్, అమాండిన్ లె పాప్ అనే ఇద్దరు తమ బృందంతో కలిసి మ్యాట్రిక్స్ అనే కొత్త పద్ధతిని బయటపెట్టారు. సినిమా కాదండోయ్! సందేశాలు ఎలా పంపుకోవాలో చెప్పే నియమావళి. దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు, ఎవరైనా దాంతో యాప్ తయారుచేసుకోవచ్చు. 2018లో దాని బాగోగులు చూసేందుకు లాభాపేక్ష లేని ఫౌండేషన్ ఒకటి ఏర్పాటైంది. తయారుచేసిన వాళ్లు నడిపే కంపెనీ యాప్ పేరు ఎలిమెంట్. కానీ అదే వాడాలని నియమమేమీ లేదు.

అది పనిచేసే తీరు వింటే, మన తపాలా శాఖే గుర్తొస్తుంది. ఒక విశ్వవిద్యాలయం తనకంటూ ఒక సర్వర్ పెట్టుకుంటుంది. ఒక ఆస్పత్రి ఇంకోటి పెట్టుకుంటుంది. ఒక స్వచ్ఛంద సంస్థ మూడోది. ఎవరి పోస్టాఫీసు వాళ్లది, లోపలి కట్టుబాట్లు వాళ్లవి. కానీ ఒక ఆఫీసు ఉత్తరం ఇంకో ఆఫీసుకి చక్కగా చేరుతుంది. మన చిరునామాలో మన పేరూ ఉంటుంది, మన సర్వర్ పేరూ ఉంటుంది, ఈమెయిల్‌లో ఉన్నట్టే.

అసలు కిటుకు ఇంకోటుంది. మూడు సర్వర్లకు చెందిన మనుషులు ఒక గ్రూపులో కలిశారనుకోండి. ఆ సంభాషణ ప్రతి ఒక్కటీ మూడు చోట్లా నకలుగా ఉంటుంది. ఊరి గ్రంథాలయం కాలిపోయినా పక్క ఊళ్లో అదే పుస్తకం ఉన్నట్టు. ఒక సర్వర్ ఆగిపోతే ఆ సర్వర్ వాళ్లు మాత్రం ఆగుతారు, మిగతా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉంటారు. ఆగినవాడు తిరిగొచ్చాక మధ్యలో జరిగిన మాటల్ని మిగిలిన ఇద్దరి దగ్గరా తెచ్చుకుంటాడు.

ఇదేదో కాగితం మీద లెక్క కాదు. 2025 సెప్టెంబరులో మ్యాట్రిక్స్ వాళ్లే నడిపే అతిపెద్ద సర్వర్ డేటాబేస్ దెబ్బతిని దాదాపు ఒక రోజు మూతపడింది. అందులో ఖాతాలున్న వాళ్లకి ఇబ్బందే. కానీ ప్రపంచంలోని మిగతా మ్యాట్రిక్స్ సర్వర్లు తమ పని తాము చేసుకుపోయాయి. 2021 అక్టోబరుకీ దీనికీ తేడా అదే.

కర్ర చేతుల టెలిగ్రాఫ్

ఊరికో పోస్టాఫీసు ఉండటం బాగానే ఉంది. మరి పోస్టుమాస్టర్ కవరు విప్పి చదివితే? ఈ ప్రశ్నకు జవాబు కోసం రెండొందల ఏళ్లు వెనక్కి, ఫ్రాన్స్‌కి వెళ్లాలి.

కరెంటు టెలిగ్రాఫ్ ఇంకా పుట్టని రోజుల్లో, 1794లో క్లాడ్ షాప్ అనే ఆయన పారిస్ నుంచి లీల్ నగరం వరకూ వరసగా బురుజులు కట్టించాడు. ప్రతి బురుజు మీదా పెద్ద కర్ర చేతులు. ఆ చేతుల్ని రకరకాల కోణాల్లో తిప్పితే ఒక్కో భంగిమకీ ఒక్కో సంకేతం. పక్క బురుజులోని ఉద్యోగి దూరదర్శినిలో చూసి అదే భంగిమ పెట్టేవాడు, అది చూసి ఆ తరవాతివాడు. అలా గుర్రపు రౌతు కన్నా ఎంతో ముందుగా వార్త రాజధాని చేరేది. తర్వాత తర్వాత ఇలాంటివి దేశమంతా 500కు పైగా వెలిశాయి.

ఇందులో తమాషా ఏమిటంటే, మధ్య బురుజుల్లో రోజంతా చేతులు తిప్పే ఉద్యోగులకి తాము పంపుతున్న వార్తేమిటో తెలియదు! సంకేతాల పుస్తకం రెండు చివర్లా ఉండే అధికారుల దగ్గరే ఉండేది. మధ్యవాళ్లు చూసింది చూసినట్టు దాటించడమే.

ఇవాళ మనం ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అంటున్నది సరిగ్గా ఇదే. నా ఫోన్లో తాళం పడుతుంది, మీ ఫోన్లో తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న సర్వర్లు ఎన్నైనా, ఎవరివైనా మూసిన పెట్టెని మోసుకుపోవడమే తప్ప మూత తీయలేవు. పైగా ఇప్పటి పద్ధతుల్లో తాళంచెవి ఎప్పటికప్పుడు మారిపోతుంటుంది. ఈ విషయంలో వాట్సప్‌నీ తప్పు పట్టలేం. 2016 నుంచి అక్కడా వ్యక్తిగత సందేశాలకు ఈ తాళం ఉంది. తేడా తాళంలో లేదు, పోస్టాఫీసుల్లో ఉంది. అక్కడ ఉన్నవన్నీ ఒకే యజమానివి.

షాప్ గారి బురుజుల కథకి చిన్న పిట్టకథ కూడా ఉంది. బోర్డో నగరంలో ఫ్రాంస్వా, జోసెఫ్ బ్లాంక్ అనే అన్నదమ్ములు ప్రభుత్వ బాండ్ల వ్యాపారం చేసేవాళ్లు. పారిస్ మార్కెట్లో ధర పెరిగిందో తగ్గిందో తపాలా బండి కన్నా ముందే తెలిస్తే డబ్బే డబ్బు! దాంతో టూర్స్ పట్టణంలోని టెలిగ్రాఫ్ ఉద్యోగికి లంచమిచ్చారు. అతను సర్కారు కబుర్ల మధ్య కావాలని ఒక తప్పు భంగిమ జొప్పించేవాడు. బోర్డో దగ్గర వీళ్ల మనిషి అది చూసి ధర సంగతి పసిగట్టేవాడు. అలా రెండేళ్లు సాగించాక 1836లో దొరికిపోయారు. అలాంటి నేరానికి అప్పటికి చట్టమే లేకపోవడంతో పెద్ద శిక్షేమీ పడలేదు. ఆ ఫ్రాంస్వానే తరవాత మాంటీకార్లో జూదశాలతో పేరుమోశాడు!

గమనించారా? బ్లాంక్ సోదరులు రహస్య సంకేతాల పుస్తకాన్ని ఛేదించలేదు. మధ్యలో ఉన్న మనిషిని పట్టుకున్నారు. ఇప్పటికీ అంతే. సందేశం చదవలేకపోయినా, ఎవరు ఏ గ్రూపులో ఉన్నారు, ఎవరికి ఎన్నింటికి సందేశం వెళ్లింది అన్నది మధ్యలోని సర్వర్‌కి తెలుస్తుంది. మ్యాట్రిక్స్‌కీ ఇది మినహాయింపు కాదు. అందుకే 'తాళం ఉందా?' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు, 'మోసేది ఎవరు?' అని కూడా అడగాలి.

మంత్రులకీ డాక్టర్లకీ

ఆ ప్రశ్న అడిగిన మొదటి పెద్ద ప్రభుత్వం కూడా ఫ్రాన్సే. అక్కడి నాయకులూ అధికారులూ టెలిగ్రామ్, వాట్సప్‌లలోనే మాట్లాడుకుంటున్నారనీ, దేశం గుట్టుమట్లు పరాయి సంస్థల సర్వర్ల మీదుగా తిరుగుతున్నాయనీ 2018లో ప్రభుత్వం మేలుకుంది. మ్యాట్రిక్స్ ఆధారంగా సొంత యాప్ తయారుచేయించి 2019 ఏప్రిల్లో విడుదల చేసింది. పేరు టీషాప్. మన క్లాడ్ షాప్ గారి జ్ఞాపకార్థమే!

విడుదలైన రోజే కథ అడ్డం తిరిగింది. ప్రభుత్వ ఈమెయిల్ ఉన్నవాళ్లే చేరాలన్నది నియమం. ఒక భద్రతా పరిశోధకుడు తన మామూలు ఈమెయిల్ చివర అధ్యక్ష భవనం చిరునామా తగిలించి దర్జాగా లోపలికి వెళ్లిపోయాడు. తాళం బ్రహ్మాండంగా ఉంది, గేటు దగ్గర కాపలాయే సరిగా లేదు! అతను వెంటనే విషయం చెప్పడం, ఆ లోపాన్ని సరిచేయడం గంటల్లో జరిగిపోయాయి. దాచేస్తే బాగుండేది అనిపించవచ్చు. కానీ లోపం బయటపడితేనే సరిదిద్దేది, అదే పద్ధతి వాడుకునే మిగతా వాళ్లూ జాగ్రత్తపడేది. ఆ తప్పుతో ఫ్రాన్స్ వెనక్కి తగ్గలేదు. 2025 జులైలో మంత్రులూ వాళ్ల కార్యాలయాలూ అధికారిక సంభాషణలకి టీషాప్‌నే వాడాలని ప్రధాని సర్క్యులర్ పంపారు.

జర్మనీ సైన్యానికీ మ్యాట్రిక్స్ మీద నడిచే సొంత మెసెంజర్ ఉంది. అక్కడి ఆరోగ్య రంగానిది ఇంకా మంచి ఉదాహరణ. రోగి స్కానింగ్ బొమ్మ గురించి ఒక ఆస్పత్రి డాక్టరు ఇంకో ఆస్పత్రి డాక్టర్ని అడగాలి. మందుల గురించి ఫార్మసీతో మాట్లాడాలి. ఆ వివరాలు మామూలు యాప్‌లలో తిరగడం రోగికి మంచిది కాదు. అలాగని దేశంలోని ఆస్పత్రులన్నీ ఒకే కంపెనీ యాప్ కొనాలంటే కుదరదు. అందుకని ఆరోగ్య రంగ డిజిటల్ వ్యవహారాలు చూసే గెమాటిక్ సంస్థ 2021లో మ్యాట్రిక్స్‌ని ప్రమాణంగా ఎంచుకుంది. యాప్ ఎవరి దగ్గర కొనుక్కున్నా ఫర్వాలేదు, అవన్నీ ఒకదాంతో ఒకటి మాట్లాడాలి, అంతే. మన యూపీఐ సూత్రమే కదా!

ప్రభుత్వాలే కాదు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మోజిల్లా 2020లో తమ పాత చాట్ వ్యవస్థను వదిలి దీనికి మారింది. కరోనా వల్ల 2021లో బ్రస్సెల్స్‌లో జరగాల్సిన ఫాస్‌డెమ్ సాఫ్ట్‌వేర్ సమావేశం మొత్తం మ్యాట్రిక్స్ గదుల్లోనే ఆన్‌లైన్లో జరిగింది.

మరి కష్టాలు?

ఉన్నాయి, చిన్నవేం కాదు. మొదటిది, తాళంచెవి మన దగ్గరే ఉండటం. అది పోతే? 2019 ఏప్రిల్లోనే మ్యాట్రిక్స్ వాళ్ల ప్రధాన సర్వర్‌లోకి దొంగలు చొరబడ్డారు. తాళం వేసిన సందేశాలు వాళ్లకి అర్థం కావు. కానీ ముందు జాగ్రత్తగా నిర్వాహకులు వాడుకరులందర్నీ లాగవుట్ చేశారు. తాళంచెవికి బ్యాకప్ పెట్టుకోని వాళ్లు తిరిగి లోపలికి వచ్చాక తమ పాత సందేశాల్ని తామే చదవలేకపోయారు! దొంగకీ దొరకలేదు, దొరకీ దక్కలేదు. 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' అంటే తెరిచి ఇచ్చే మేనేజరు ఇక్కడ ఉండడు. ఉంటే అది తాళమే కాదు కదా.

రెండోది, సొంత పోస్టాఫీసు అంటే సొంత ఖర్చు. సర్వర్ అద్దె, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి, లోపాలు సరిదిద్దే అప్‌డేట్‌లు. ఆస్పత్రికీ విశ్వవిద్యాలయానికీ ఫర్వాలేదు. పాతిక ఇళ్ల అపార్ట్‌మెంట్‌కి అది ఏనుగుని మేపినట్టే. అందుకే చిన్న సంఘాలు ఇంకొకరు నడిపే సర్వర్లో చేరతాయి. అప్పుడు ఆ నడిపేవాళ్లని నమ్మాలి.

మూడోది అన్నిటికన్నా పెద్దది. మూసిన పెట్టెలో ప్రేమలేఖ ఉండొచ్చు, పేలుడు పథకమూ ఉండొచ్చు. 2023 మే నెలలో మన కేంద్ర ప్రభుత్వం 14 మెసేజింగ్ యాప్‌లను నిలిపివేసింది. జమ్మూకశ్మీర్‌లో ఉగ్రవాదులు వాటిని వాడుతున్నారన్నది కారణం. ఆ జాబితాలో ఎలిమెంట్ కూడా ఉంది. అంటే ఫ్రాన్స్ మంత్రులకి భద్రత ఇచ్చే పద్ధతే మన దగ్గర భద్రతకి ముప్పుగా కనిపించింది. ఈ తగవు మ్యాట్రిక్స్‌తోనే ఆగలేదు. సందేశం మొదట ఎవరు పంపారో చెప్పాలన్న 2021 ఐటీ నిబంధనపై వాట్సప్ దిల్లీ హైకోర్టుకెక్కింది. ఎన్‌క్రిప్షన్ తీసేయాల్సిందే అంటే తాము దేశంలో ఉండలేమని 2024 ఏప్రిల్లో కోర్టుకి చెప్పింది. బిడ్డని పోగొట్టుకున్న కుటుంబానికి నేరస్థుడి ఆచూకీ కావాలి. రోగం దాచుకోవాలనుకున్న మనిషికి గుట్టు కావాలి. ఇద్దరిదీ న్యాయమే. కాకపోతే ఒక్క సంగతి. పోలీసు కోసం ఇంకో తాళంచెవి చేయిస్తే, అది పోలీసు దగ్గరే భద్రంగా ఉంటుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. బ్లాంక్ సోదరులకి దొరికిన టూర్స్ ఉద్యోగి కూడా సర్కారు మనిషే!

మన గ్రూపు సంగతేంటి?

గోడలకి కిటికీలు పెట్టే పని నెమ్మదిగా మొదలైంది. ఐరోపా సమాఖ్య కొత్త చట్టం ప్రకారం 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీలు మిగతా యాప్‌లకి దారి ఇవ్వాలి. 2025 నవంబరులో అక్కడి వాట్సప్ నుంచి రెండు చిన్న యాప్‌లకు సందేశాలు పంపే వీలు కల్పిస్తున్నట్టు మెటా ప్రకటించింది. మన దేశంలో అదే ఏడాది జోహో వారి అరట్టై యాప్ ఒక్కసారిగా ఊపందుకున్నప్పుడు, ఆ సంస్థ వ్యవస్థాపకుడు శ్రీధర్ వెంబు కూడా మెసేజింగ్ యాప్‌లు యూపీఐలా, ఈమెయిల్‌లా ఒకదాంతో ఒకటి కలిసి పనిచేయాలన్నారు. ఆ మాట ఎప్పటికి నిజమవుతుందో చూడాలి.

అందాకా రేపే వాట్సప్ తీసేసి కొత్త యాప్‌కి మారిపొమ్మని కాదు. పిన్నీ, మేనత్తా, పెళ్లి ఫొటోలూ అన్నీ అక్కడే ఉన్నాయి. కానీ మీ అపార్ట్‌మెంట్ సంఘమో, పూర్వ విద్యార్థుల సంఘమో, డాక్టర్ల బృందమో, ఊరి గ్రంథాలయ కమిటీయో ఒక గ్రూపుని నమ్ముకుని నడుస్తుంటే మాత్రం నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఆ యాప్ ఒక రోజు ఆగిపోతే అందరికీ కబురు పెట్టే ఇంకో దారి ఉందా? అడ్మిన్ ఒక్కరే అయి, ఆయన ఫోన్ పోతే గ్రూపు ఏమవుతుంది? పదేళ్ల తీర్మానాలూ, లెక్కలూ చాట్‌లోనే ఉండిపోయాయా, బయట నకలు ఉందా? రోగుల వివరాలో, పిల్లల వివరాలో ఉంటే అవి ఎవరి సర్వర్లో ఉన్నాయి?

వీటిలో మూడింటికి ఈ ఆదివారమే జవాబు చెప్పుకోవచ్చు. ఇంకో ఇద్దర్ని అడ్మిన్లుగా పెట్టండి. సభ్యుల ఫోన్ నంబర్లూ ఈమెయిళ్లూ ఒక పుస్తకంలో రాయించండి. ముఖ్యమైన చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి. నాలుగోదానికి సంఘం సమావేశంలో కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. సొంత సర్వర్ అక్కర్లేదని తేలినా నష్టం లేదు, తెలిసి తేల్చుకున్నారు కదా.

ఇక వాట్సప్ బ్యాకప్‌కి కూడా 64 అంకెలూ అక్షరాలూ ఉండే తాళంచెవి పెట్టుకునే వీలు 2021 నుంచే ఉంది. పెట్టుకుంటే దాన్ని ఒక కాగితం మీద రాసి బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన ఉంచండి. ఫోన్లోనే రాసుకోకండి. ఫోన్ పోయిన రోజున అదీ పోతుంది!